అవ్వకొక శాలువా: దారము నెంచుట, అల్లుట

బళ్ళారి ప్రాంతమున పగలు ఎంత ఎండ కాసినను, మార్గశిర పుష్య మాసములలో తెల్లవారుజామున చలి ముసలివారిని బాధించును. ఇంట అవ్వయో తాతయో ఉన్న బాలబాలికలు వారిని మనసున నుంచుకొని ఈ పాఠమును చదువవలెనని మా కోరిక. ఎవరికొరకు అల్లుచున్నామో తెలిసినగాని ఏ దారము కొనవలెనో తేలదు.

అంగడిలో 'ఊలు' అని అడిగినచో చాలచోట్ల ఇచ్చునది గొఱ్ఱె ఉన్ని కాదు, ఎక్రిలిక్ దారము. అది రసాయనములతో చేయబడు కృత్రిమ తంతువు. వెల తక్కువ, రంగులు మెండు, ఉతుకుట సులభము. బడికి పోవు పిల్లల టోపీలకు అది చాలును. దానిని మేము నిందింపము. కాని మన అవ్వలలో పెక్కుమంది తెల్లవారకమునుపే పొయ్యి రాజేయుదురు. పైటకొంగువలెనే శాలువా చెఱగును మంటకు అందును. ఎక్రిలిక్‌కు నిప్పంటినచో అది మండుచు, కరగి చర్మమునకు అంటుకొనును. ఉన్ని అంత సులభముగా మండదు. నిప్పు తొలగింపగా సాధారణముగా తానే ఆరిపోవును. కనుక పొయ్యిదగ్గఱ మసలువారికి ఉన్నియే తగినదని మా నిశ్చితాభిప్రాయము. అంత సొమ్ము లేనివారు కొలత తగ్గించి, భుజములకు చాలునంత అల్లుట మేలు.

చీటీ లేని ఉండను పరీక్షించుటకు ఒక ఉపాయము కలదు. పెద్దలను దగ్గఱ నుంచుకొని, పళ్ళెములో నీరు పోసి, దానిపై జానెడు దారమును పట్టుకారుతో పట్టి నిప్పు చూపవలెను. వెండ్రుకలు కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లని మసి వేళ్ళమధ్య పొడియైనచో అది ఉన్ని. కరగి గట్టి పూసవలె గడ్డకట్టినచో కృత్రిమము. కాగితము కాలిన వాసన వచ్చినచో ప్రత్తి. వెండ్రుకల వాసనయు గట్టిపూసయు రెండును కనబడినచో అది కలగలుపు దారము.

ఉన్నిలోను భేదములు కలవు. మనము 'ఉన్ని' అనుదానిని ఇరుగుపొరుగు కన్నడిగులు 'ఉణ్ణె' అందురు, మాట ఒకటే. చిత్రదుర్గ జిల్లాలోని చళ్ళకెరె కంబళ్ళకు పేరుపొందినది. ఆ కంబళ్ళు దక్కను గొఱ్ఱెల ముతక ఉన్నితో నేయబడును. పడుగునకు చింతగింజల గంజి పెట్టుదురు. వానకును ఎండకును కాపరికి అంతకు మించిన వస్త్రము లేదు. అయితే ఆ దారము మెడకు తగిలిన గుచ్చుకొనును. తంతువు మందము సుమారు 30 మైక్రాన్లు మించినచో దాని కొన చర్మమును పొడుచును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మెరీనో గొఱ్ఱె తంతువు 20 మైక్రాన్లకు అటునిటుగా నుండును. అందుచేత అది మెత్తన. కొనుటకు ముందు ఉండను చెంపకుగాని మెడకుగాని ఆనించి చూడవలెను. అఱచేయి మోటు, అది నిజము చెప్పదు.

ఎంత దారము కొనవలెను? మొదట ఒక్క ఉండ కొని, అదే రంగు, అదే 'డై లాట్' సంఖ్య గల మఱికొన్ని ఉండలను రెండుదినములు ప్రక్కన నుంచుమని అంగడివారిని అడుగవలెను. ఒకే రంగైనను వేఱువేఱు తొట్లలో అద్దినచో ఛాయ మాఱును. అంగడిలో కనబడని ఆ భేదము శాలువాపై చారగా కనబడును. ఇంటికి వచ్చి 5.5 మిల్లీమీటర్ల సూదులతో, 10 సెంటీమీటర్ల చదరపు నమూనా అల్లవలెను. సంఖ్యలతో అమ్ము సూదులలో అది 5వ సంఖ్య. అందు సంఖ్య పెరిగినకొలది సూది సన్నమగునని మఱువరాదు. సాధారణముగా ఇట్టి దారమునకు సన్నని సూదులు చెప్పుదురు. కాని శాలువా వదులుగా నుండవలెను. ఉచ్చులమధ్య నిలిచిన గాలియే వెచ్చదనము నిచ్చును.

నమూనాలో 10 సెంటీమీటర్లకు 16 కుట్లు, 32 వరుసలు వచ్చినవనుకొందము. శాలువా వెడల్పు 50 సెంటీమీటర్లు, పొడవు 150. అప్పుడు 80 కుట్లు, 480 వరుసలు కావలెను. మీ చేయి బిగువై 18 కుట్లు వచ్చినచో, అదే 80 కుట్లకు వెడల్పు 44 సెంటీమీటర్లే యగును. అవ్వ భుజము బయట పడును. నమూనా 5 గ్రాములు తూగినచో, శాలువాలో అట్టి చదరములు 75 గనుక 375 గ్రాములు. 400 గ్రాములు కొనుట క్షేమము. లెక్కల పుస్తకములోని వైశాల్యము ఎందుకని అడుగు విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూడవలెను.

అల్లిక సులభము. 80 కుట్లు సూదిపై ఎక్కించి, రెండుప్రక్కలను అన్ని వరుసలును ఒకే విధమైన సాదా కుట్టుతో అల్లవలెను. ఇట్లు చేసినచో అంచులు చుట్టుకొనవు, రెండు ముఖములును ఒక్కరీతిగా నుండును. ప్రతి వరుసలో మొదటి కుట్టును అల్లక ఊరక జార్చినచో అంచు తీరుగా వచ్చును. క్రొత్త ఉండను వరుస మధ్య గాక అంచుననే కలుపవలెను. నాలుగు వరుసలకొకసారి కుట్లు లెక్కింపవలెను. ఒకటి తగ్గినచో ఎచ్చటనో ఉచ్చు జారినదని యర్థము. జారిన ఉచ్చును కొక్కెపు సూదితో మెట్టు మెట్టుగా పైకి తెచ్చుకొనవచ్చును. దినమునకు ఎనిమిది వరుసల చొప్పున అల్లినచో అరువది దినములు పట్టును. విజయదశమినాడు మొదలిడినవారు పుష్యమాసపు చలికి ముందే ముగింపగలరు.

అల్లిక ఆడపిల్లల పనియని కొందఱు తల్లిదండ్రులు తలంచుచున్నారు. కంబళి నేయు ఇండ్లలో ఆడవారు ఉన్ని వడకగా మగ్గముపై కూర్చుండునది సాధారణముగా మగవారే. మగపిల్లలకును సూదులు కొని యిండు.

ముగిసిన శాలువాను గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బుతో తడిపి, రుద్దక, పిండక, తువాలులో చుట్టి అదిమి నీరు తీయవలెను. వేడినీటిలో రుద్దినచో ఉన్ని తంతువులపై నుండు పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని, శాలువా కుదించుకొని గట్టిపడును, మరల సాగదు. తడిసిన శాలువాను దండెముపై వేయరాదు, బరువునకు సాగిపోవును. చాపపై పఱచి, నలువైపుల కొలత సరిచేసి, నీడలో ఆరబెట్టవలెను.