పెట్టెలో ప్రాణం: ఒక బల్లి పార్సిల్ నేర్పే సైన్స్ పాఠం



మొన్న విరామ సమయంలో మా ఏడో తరగతి పిల్లాడు ఒకడు వచ్చి, "మిస్, తాబేలుని లారీలో పంపితే బతుకుతుందా?" అని అడిగాడు. వాళ్ల నాన్నగారికి విజయవాడ నుంచి విశాఖపట్నం బదిలీ అయింది. మే నెలలో సామాన్లన్నీ లారీలో వెళ్తాయి. చెంపల మీద ఎర్ర చారలున్న తాబేలు ఒకటి వాళ్లింట్లో ఉంది. దాన్నీ ఓ పెట్టెలో పెట్టి లారీ ఎక్కించేద్దామని వాడి ఆలోచన. డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుక్కి లెపర్డ్ గెకో అనే బల్లి కొరియర్‌లో వచ్చిందట. ఆ పెట్టె తెరవడం వీడియో కాల్‌లో చూశాడు. "పెట్టెకి చిల్లులు పెడితే చాలు కదా మిస్?" అన్నాడు. నేను కూడా "చాలనుకుంటా నాన్నా" అనేశాను.

ఇంటికెళ్లి చదివాక నేను చెప్పింది తప్పని తెలిసింది. మర్నాడు క్లాసులోనే ఆ మాట ఒప్పుకుని, దాన్నే పాఠంగా చెప్పాను. ఆ పాఠం మీకోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక చిన్న ప్రశ్న

కుక్కపిల్లకి చలేస్తే దాని ఒంట్లోనే వేడి పుడుతుంది. బల్లి, పాము, తాబేలు లాంటి సరీసృపాలకు ఆ ఏర్పాటు లేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే వాటి ఒంట్లోనూ దాదాపు అంతే. ఎండ కావాలంటే ఎండలోకి, నీడ కావాలంటే నీడలోకి పాకుతాయి.

దీనివల్ల ఒక లాభం ఉంది. ఒంట్లో వేడి పుట్టించుకోవడానికి ఖర్చు లేదు కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న బల్లి రెండు మూడు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. పార్సిల్‌లో పంపడం సాధ్యమయ్యేది అందుకే. నష్టం కూడా ఉంది. పెట్టెలో పెట్టి మూత వేశామంటే ఎండకీ నీడకీ పాకే దారి మూసేసినట్టే. ఇక ఆ పని పంపేవాళ్లే చేయాలి.

అమెరికాలో ఎలా పంపుతారు?

అక్కడ పెంపకందారులు లెపర్డ్ గెకోని పంపే పద్ధతి దాదాపు ఇలా ఉంటుంది.

1. తిండి ఆపడం: బయల్దేరే ముందు రెండు మూడు రోజులు మేత పెట్టరు. పాములకైతే ఇంకా ఎక్కువ రోజులు ఆపుతారు. కడుపు నిండుగా ఉంటే కుదుపులకు కక్కుకుంటాయి, పెట్టె పాడవుతుంది.

2. లోపలి డబ్బా: గెకోని చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, కొద్దిగా తడిపిన టిష్యూ కాగితం మీద పెడతారు. పాముని గుడ్డ సంచిలో వేసి మూతి కడతారు. నీళ్ల గిన్నె, రాళ్లు, ఇసుక పెట్టరు. నీళ్లు ఒలికితే చలి, రాయి దొర్లితే దెబ్బ.

3. బయటి పెట్టె: అట్టపెట్టె లోపల ఆరు వైపులా థర్మోకోల్ లాంటి పలకలు అమరుస్తారు. ఖాళీల్లో నలిపిన కాగితం కుక్కుతారు. డబ్బా కదలకూడదు.

4. వేడి పొట్లం: చలి రోజుల్లో పెట్టె మూతకి లోపలి వైపున, జంతువుకి తగలకుండా అంటిస్తారు. అందులో ఉండేది ప్రధానంగా ఇనుప పొడి, కొంచెం ఉప్పు, తేమ. గాలి తగలగానే ఇనుము తుప్పు పడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. మన ఏడో తరగతి పుస్తకంలో రసాయన మార్పుకి ఉదాహరణగా చెప్పే తుప్పే ఇది! పొట్లం కూడా ఆక్సిజన్‌ని వాడుకుంటుంది కాబట్టి పెట్టెకి చిల్లులు తప్పనిసరి. ఎండాకాలంలో వేడి పొట్లం బదులు చల్లని పొట్లం పెడతారు.

5. రోజు, సమయం: ఒక్క రాత్రిలో చేరే సర్వీసులోనే, వారం మొదట్లోనే పంపుతారు. శుక్రవారం పంపితే, ఏ కారణం చేతనైనా ఆగిన పెట్టె శనాదివారాలు గోడౌన్‌లో ఉండిపోవచ్చు. చాలామంది పార్సిల్‌ని ఇంటి గుమ్మం దగ్గరకు కాకుండా కొరియర్ ఆఫీసుకే తెప్పించుకుంటారు. వ్యానులో తిరిగే గంటలు, గుమ్మంలో ఎండ రెండూ తప్పుతాయి.

6. పేరు రాయడం: లోపల ఏ జంతువు ఉంది, శాస్త్రీయ నామం ఏమిటి, ఎన్ని ఉన్నాయి అన్నది పెట్టె మీద స్పష్టంగా రాస్తారు. దాచి పంపడం అక్కడ నేరం.

ఇన్ని చేశాక కూడా రెండు ఊళ్లలోనూ వాతావరణం చూస్తారు. మరీ చలిగా ఉన్నా, మరీ ఎండగా ఉన్నా పంపడం వాయిదా వేస్తారు. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. జాగ్రత్తగా ప్యాక్ చేయడం తెలిసినవాళ్లకి, ఎప్పుడు పంపకూడదో కూడా తెలుసు.

మరో సంగతి విని మా వాడు ఆశ్చర్యపోయాడు. అమెరికా తపాలా శాఖ పాముల్నీ తాబేళ్లనీ అసలు తీసుకోదు. పైగా నాలుగు అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్లను పెంపుడు జంతువులుగా అమ్మడం అక్కడ 1975 నుంచి నిషేధం. వాటి ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా బాక్టీరియా వల్ల చిన్నపిల్లలు జబ్బుపడటమే కారణం.

మరి మన తాబేలు సంగతి?

మే నెలలో మూసిన లారీ లోపల ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చిల్లులు గాలినిస్తాయి, చల్లదనం ఇవ్వవు. అందుకే వాళ్ల అమ్మగారితో ఫోన్‌లో మాట్లాడాను. తెల్లవారుజామున బయల్దేరి, తమతోపాటు కారులోనే తీసుకెళ్దామన్నారు. అడుగున తడిగుడ్డ పరిచిన, చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా చాలు. ప్రయాణంలో నీళ్లు పోయకూడదు, నేరుగా ఎండ తగలకూడదు. బయల్దేరే ముందు పశువుల డాక్టర్‌కి ఒకసారి చూపించడం మంచిది.

మీ ఇంట్లోనూ ఇలాంటి జీవి ఉంటే ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

• నక్షత్ర తాబేలు మన దేశపు జీవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని కొనడం, పెంచడం నేరం. ఎవరైనా అమ్ముతుంటే అటవీ శాఖకి చెప్పండి.
• విదేశీ జాతుల్లో చాలావాటిని 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మీ దగ్గరున్నది ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి.
• ఎర్ర చారల తాబేలు అమెరికా జాతి. పెంచలేకపోతే చెరువులో వదలకండి. మన తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ అవుతుంది.
• ముట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి.

ఇంట్లో చేసి చూడండి

రెండు ఒకే రకం సీసాల్లో గోరువెచ్చని నీళ్లు పోయండి. ఒకటి థర్మోకోల్ పెట్టెలో, ఇంకోటి మామూలు అట్టపెట్టెలో పెట్టి రెండూ మూసేయండి. పావుగంటకోసారి థర్మామీటర్‌తో చూసి, పిల్లల చేత పట్టిక వేయించండి. గంటన్నర తర్వాత, "ఈ సీసా బదులు ఒక బల్లి ఉంటే?" అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబు నోట్‌బుక్‌లో రాయించి పంపండి, క్లాసులో చదువుకుందాం.

పిల్లలు అడిగిన ప్రశ్నకి వెంటనే జవాబు తెలియకపోతే ఫర్వాలేదు. "కనుక్కుని రేపు చెప్తాను" అనడం నేను ఈసారి ఒక తాబేలు వల్ల నేర్చుకున్నాను.

— మీ పిల్లల సైన్స్ టీచర్