బాలింత మంచం పక్కన ఏ తొట్టి?

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి పార్వతీపురం వచ్చింది. పాపకి చీర ఉయ్యాల చాలదా? మంచం పక్కన పెట్టే తొట్టిమంచం కొనాలా?

జవాబు: కొనండమ్మా, లేదా వడ్రంగి చేత చేయించండి. చీర ఉయ్యాలలో వీపు వంగి, గడ్డం గుండెకు ఆనితే పసిబిడ్డకు ఊపిరి ఆడదు. మీరు ఎదురుగా కూర్చుని ఊపినంతసేపే అది. రాత్రికి చదునైన గట్టి పరుపు, దాని మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊచల మధ్య ఎడం 6 సెంటీమీటర్లు మించకూడదు.

నాకు అసలు భయం తల్లి మంచానికీ తొట్టికీ మధ్య సందు. బిడ్డ అందులోకి జారితే ప్రమాదం. పట్టీలతో బిగించి, రోజూ చేత్తో తడిమి చూడండి. ఇంట్లో పాత పొందూరు ఖద్దరు పంచె ఉంటే పరుపుకి బిగుతుగా చుట్టండి, ఉక్కపోతకు హాయి. ఆవాల దిండు మాత్రం వద్దు. తల గుండ్రంగా రావాలన్న మీ ఆశ నాకు తెలుసు, అయినా వద్దు. కనీసం 6 నెలలు తల్లి గదిలోనే, కానీ తల్లి మంచం మీద కాకుండా తన సొంత తొట్టిలోనే పాపని పడుకోనివ్వండి.