పాలు పడవు, పెరుగు పడుతుంది: ఎందుకని?

గ్లాసు పాలు తాగిన గంటకో రెండు గంటలకో కొందరికి కడుపు ఉబ్బుతుంది, పేగులు గుడగుడమంటాయి, ఒక్కోసారి విరేచనాలూ అవుతాయి. అదే మనిషి పెరుగన్నం తింటే సాధారణంగా అంత ఇబ్బంది ఉండదు. పెరుగూ పాల నుంచి వచ్చిందే కదా! ఈ తేడా తెలియాలంటే ఎంజైముల పని తీరు చూడాలి.

ఆహారంలోని పెద్ద అణువులు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్ళలేవు. వాటిని విడగొట్టే ప్రోటీన్లే జీర్ణ ఎంజైములు. లాలాజలంలోని ఎమైలేజ్ అన్నంలోని పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. అన్నం బాగా నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. జీర్ణాశయంలోని ఆమ్లంలో పెప్సిన్ మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. క్లోమం నుంచి చిన్నపేగులోకి వచ్చే ట్రిప్సిన్ ఆ పనిని కొనసాగిస్తే, లైపేజ్ కొవ్వుల సంగతి చూస్తుంది. ఒక ఎంజైము లోటును మరొకటి అన్నిసార్లూ తీర్చలేదు.

పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. 200 మిల్లీలీటర్ల పాలలో ఇది సుమారు 10 గ్రాములు ఉంటుంది. చిన్నపేగు గోడపై ఉండే లాక్టేజ్ అనే ఎంజైము దీన్ని గ్లూకోజ్, గాలక్టోజ్‌గా విడదీస్తుంది. పసితనంలో పుష్కలంగా ఉండే లాక్టేజ్, ప్రపంచంలో ఎక్కువమందికి వయసుతో తగ్గిపోతుంది. మన దేశంలో ఉత్తరాదివారి కంటే దక్షిణాదివారిలో ఈ తగ్గుదల ఎక్కువ. ఇది జబ్బు కాదు. జీర్ణం కాని లాక్టోజ్ పెద్దపేగులోకి నీటిని లాగుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులను విడుదల చేస్తాయి. ఉబ్బరం, విరేచనాలు అందువల్లే.

పాలు తోడుకునేటప్పుడు బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. మిగిలినదాన్ని విడగొట్టడానికి వాటి సొంత ఎంజైము మన పేగులోనూ తోడ్పడుతుంది. మజ్జిగ పులుసులా మరిగిస్తే ఈ సాయం చాలావరకు పోతుంది. పాలను కాచినంత మాత్రాన లాక్టోజ్ పోదు. నెయ్యిలో మాత్రం అది దాదాపు ఉండదు.

కాబట్టి పాలు పడనివారు పాల పదార్థాలన్నీ మానేయనక్కరలేదు. మానేస్తే కాల్షియం తగ్గే ప్రమాదం ఉంది. చాలామంది కొద్ది మోతాదులో, భోజనంతో పాటు పాలు తీసుకుంటే తట్టుకోగలరు. పెరుగు, మజ్జిగ ఎలాగూ ఉన్నాయి. రాగులు, నువ్వులు కూడా కాల్షియం ఇస్తాయి.

తీవ్రమైన విరేచనాల తర్వాత పేగు గోడ దెబ్బతిని పిల్లల్లో లాక్టేజ్ తాత్కాలికంగా తగ్గవచ్చు. గోడ కోలుకోగానే అది తిరిగి వస్తుంది. ఈ కారణంతో తల్లిపాలు ఆపకూడదు. పాలు తాగగానే దద్దుర్లు, ఆయాసం వస్తే అది లాక్టోజ్ సమస్య కాదు, పాల మాంసకృత్తుల అలర్జీ కావచ్చు. అప్పుడు వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా పరీక్ష చేయించుకోవాలి.