అక్వేరియం చేపలలో తెల్లమచ్చ వ్యాధి: పరాన్నజీవి జీవిత చక్రం ఆధారంగా చికిత్స, నివారణ

సారాంశం

మంచినీటి అలంకరణ చేపలను ఆశించే పరాన్నజీవి వ్యాధులలో తెల్లమచ్చ వ్యాధి అత్యంత సాధారణమైనది, వేగంగా వ్యాపించేది. మందు ఎంపికలో లోపం కన్నా మందు వాడే సమయంలో లోపమే చికిత్స విఫలం కావడానికి ఎక్కువగా కారణమవుతుంది. పరాన్నజీవి జీవిత చక్రంలో మందుకు లొంగే దశను గుర్తించి, దానికి అనుగుణంగా చికిత్సను, నివారణను రూపొందించుకోవలసిన విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

వ్యాధి కారకం

ఈ వ్యాధికి ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ శైలికాజీవి కారణం. 1876లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకే దీనిని వర్ణించి నామకరణం చేశాడు. గ్రీకు, లాటిన్ పదాలతో ఏర్పడిన ఈ పేరుకు 'అధిక సంతానం గల చేప పేను' అని అర్థం. ఇది నిజానికి పేను కాకపోయినా, అధిక సంతానమన్న మాట మాత్రం అక్షరాలా నిజం. గోల్డ్ ఫిష్, మోలీ, గప్పీ, ఏంజెల్ వంటి అలంకరణ చేపలతోపాటు కార్ప్ పిల్లలు, క్యాట్‌ఫిష్ జాతులు కూడా దీని బారిన పడతాయి.

జీవిత చక్రం

మొదటిది ట్రోఫాంట్ దశ. ఈ దశలో పరాన్నజీవి చేప చర్మం, మొప్పల పైపొర కింద చేరి, అక్కడి కణాలను తింటూ సుమారు 1 మిల్లీమీటరు వరకు పెరుగుతుంది. కంటికి కనిపించే తెల్లమచ్చ ఇదే. చేప పైపొర దీనికి కవచంలా ఉండడంతో నీటిలో కలిపిన మందు దీనిని చేరలేదు.

రెండవది టోమాంట్ దశ. పూర్తిగా పెరిగిన పరాన్నజీవి చేపను విడిచి, తొట్టి అడుగున గులకరాళ్లకో, మొక్కలకో, అద్దానికో అంటుకొని తన చుట్టూ జిగురు కోశాన్ని నిర్మించుకుంటుంది. కోశంలో అది పదేపదే రెండుగా విభజన చెందుతుంది. ఒక్కొక్క కోశం నుండి వందల సంఖ్యలో, కొన్నిసార్లు వెయ్యి వరకు పిల్లజీవులు వెలువడతాయి. ఈ కోశాన్ని కూడా మందులు సులభంగా ఛేదించలేవు.

మూడవది థెరాంట్ దశ. కోశం నుండి వెలువడిన పిల్లజీవులు నీటిలో ఈదుతూ చేపను వెదకుతాయి. ఒకటి రెండు రోజులలో చేప దొరకకపోతే నశిస్తాయి. ఏ కవచమూ లేని ఈ దశలోనే మందు వాటిపై పనిచేస్తుంది.

వరిలో కాండం తొలుచు పురుగు లార్వా కాండంలోకి ప్రవేశించిన తరువాత పైన చల్లిన మందు దానిని చేరదు. గుడ్లు పగిలి లార్వా బయట తిరిగే స్వల్పకాలమే సస్యరక్షణకు అనుకూల సమయం. తెల్లమచ్చ వ్యాధి చికిత్సకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

జీవిత చక్రం వేగాన్ని నీటి ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. 24–26 డిగ్రీల సెల్సియస్ వద్ద చక్రం సుమారు 3–6 రోజులలో పూర్తవుతుంది. 10 డిగ్రీల వద్ద నెలకు పైగా పడుతుంది.

లక్షణాలు, నిర్ధారణ

ఉప్పురవ్వ చల్లినట్లు శరీరంపై, రెక్కలపై తెల్లని చుక్కలు, గట్టి వస్తువులకు ఒరుసుకోవడం, రెక్కలు ముడుచుకోవడం, మేత మానివేయడం, నీటి ఉపరితలం వద్ద వేగంగా శ్వాసించడం ప్రధాన లక్షణాలు. వ్యాధి మొప్పలకే పరిమితమైనప్పుడు ఒక్క మచ్చ కూడా కనిపించకుండానే చేపలు చనిపోవచ్చునన్నది విస్తరణ సిబ్బంది ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన అంశం.

మగ గోల్డ్ ఫిష్‌లలో సంతానోత్పత్తి కాలంలో మొప్ప మూతలపై, ముందు రెక్కల అంచున వచ్చే తెల్లని బుడిపెలు వ్యాధి కావు. బంగారు పొడి చల్లినట్లు కనిపిస్తే అది పిసినూడినియం అనే వేరొక పరాన్నజీవి వల్ల కావచ్చు. చర్మం నుండి గీకిన జిగురును, మొప్ప తునకను సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు గుర్రపు నాడా ఆకారపు కేంద్రకంతో మెల్లగా దొర్లుతున్న గుండ్రని జీవి కనిపిస్తే నిర్ధారణ పూర్తయినట్లే.

చికిత్స

మందు మోతాదుకు ముందు నీటి పరిమాణాన్ని లెక్కించాలి. 90 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. నీటి లోతు గల తొట్టిలో 108 లీటర్లు ఉంటాయి. గులకరాళ్లు, అలంకరణ వస్తువులు ఆక్రమించే చోటుకు పదో వంతు తీసివేస్తే సుమారు 97 లీటర్లు మిగులుతాయి.

ఉప్పు: లీటరుకు 2–3 గ్రాముల చొప్పున, పై తొట్టికి గరిష్ఠంగా 290 గ్రాములు అవసరం. దీనిని ఒకేసారి కాకుండా ఒకటి రెండు రోజులలో విడతలుగా, నీటిలో కరిగించి కలపాలి. నీరు మార్చినప్పుడు మార్చిన పరిమాణానికి సరిపడా ఉప్పును మాత్రమే తిరిగి చేర్చాలి. సున్నితమైన నీటి మొక్కలను ముందుగా తొలగించాలి.

ఉష్ణోగ్రత: ఉష్ణమండల చేపల తొట్టిలో హీటరు సాయంతో నీటిని క్రమంగా 30 డిగ్రీలకు పెంచితే జీవిత చక్రం వేగవంతమై, థెరాంట్లు త్వరగా వెలువడి మందుకు గురవుతాయి. అయితే 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగల నీరు 32 డిగ్రీల వద్ద 7.3 మిల్లీగ్రాములకే పరిమితమవుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపలకు ఈ తేడా ప్రాణాంతకం కావచ్చు కనుక గాలి రాయితో గాలి సరఫరాను పెంచాలి. చల్లని నీటిని కోరే గోల్డ్ ఫిష్‌కు ఈ పద్ధతి తగదు.

ఫార్మలిన్: లీటరుకు 25 మిల్లీగ్రాముల చొప్పున, అంటే పై తొట్టికి సుమారు 2.4 మిల్లీలీటర్లు, రోజు విడిచి రోజు వాడాలి. మధ్య రోజున సగం నీటిని మార్చాలి. ఫార్మలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. అందువల్ల చేపలు ఇప్పటికే ఉపరితలం వద్ద శ్వాసకు తంటాలు పడుతుంటే దీనిని వాడరాదు. సీసా అడుగున తెల్లని మడ్డి ఏర్పడిన ఫార్మలిన్ చేపలకు విషతుల్యం. మనిషికి కూడా హానికరమైనది కనుక చేతి తొడుగులు ధరించి, గాలి ఆడే చోటనే వాడాలి.

కాపర్ సల్ఫేట్: నీటి మొత్తం క్షారత్వాన్ని కొలవకుండా దీనిని సిఫారసు చేయరాదు. క్షారత్వాన్ని 100తో భాగించగా వచ్చిన విలువే లీటరుకు మిల్లీగ్రాములలో మోతాదు. క్షారత్వం 150 ఉంటే మోతాదు 1.5 మిల్లీగ్రాములు. క్షారత్వం 50 కన్నా తక్కువైతే వాడరాదు. నత్తలు, రొయ్యలు ఉన్న తొట్టిలో ఇది నిషిద్ధం.

మాలకైట్ గ్రీన్ అలంకరణ చేపల మందులలో కనిపిస్తుంది. దీని అవశేషాలు చేప కండలో దీర్ఘకాలం నిలిచి ఉంటాయి కనుక ఐరోపా సమాఖ్య, అమెరికాలు ఆహార చేపలలో దీని వాడకాన్ని అనుమతించవు. అక్వేరియం సలహాను కార్ప్ నర్సరీ చెరువులకు యథాతథంగా అందించడం అందువల్ల ప్రమాదకరం.

ఏ మందు వాడినా ఫిల్టరులోని బొగ్గును తీసివేయాలి, లేకుంటే అది మందును పీల్చుకుంటుంది. అమోనియాను క్రమం తప్పక పరీక్షించాలి. పైన చెప్పిన మందులను ఒకదానితో ఒకటి కలపరాదు.

మచ్చలు మాయమైనప్పుడు

చికిత్స మొదలైన రెండు మూడు రోజులలో మచ్చలు మాయమవడం తరచుగా జరుగుతుంది. దీనిని వ్యాధి నయమైనట్లుగా భావించి మందు ఆపివేయడమే పెద్ద నష్టానికి దారితీస్తుంది. ఆ సమయంలో పరాన్నజీవి చేపను విడిచి తొట్టి అడుగున విభజన చెందుతూ ఉండవచ్చు. తరువాత వెలువడే థెరాంట్ల సంఖ్య మొదటి దాడి కన్నా ఎన్నో రెట్లు అధికం. చిన్న అమ్మకందారు తొట్టెలలోని చేపలన్నీ ఈ రెండవ దాడిలోనే నశించే ప్రమాదం ఉంది. కావున 25 డిగ్రీల వద్ద మచ్చలు కనిపించకపోయినా చికిత్సను కనీసం 10–14 రోజులు కొనసాగించాలి. నీరు చల్లగా ఉంటే ఈ గడువు పెరుగుతుంది.

నివారణ

కొత్తగా తెచ్చిన చేపలను కనీసం మూడు వారాలు వేరు తొట్టిలో ఉంచాలి. కొత్త మొక్కలను కూడా చేపలు లేని తొట్టిలో కొన్ని రోజులు ఉంచిన తరువాతనే చేర్చాలి. ప్రతి తొట్టికి వేరు వల, వేరు గొట్టం వాడి, వాటిని పూర్తిగా ఆరబెట్టాలి. చేపలు తెచ్చిన సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు. డిసెంబరు, జనవరి నెలలలో తెలంగాణలో రాత్రి చలికి నీటి ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోయి చేపల రోగనిరోధక శక్తి తగ్గుతుంది కనుక, ఉష్ణమండల జాతులకు హీటరు అవసరం. వ్యాధి నుండి కోలుకున్న చేపలకు నిరోధకత ఏర్పడినప్పటికీ, అవి కొద్దిపాటి పరాన్నజీవులను మోసే వాహకాలుగా మిగిలిపోవచ్చు.

ముగింపు

తెల్లమచ్చ వ్యాధి చికిత్సలో గురి పెట్టవలసినది చేపపై కనిపించే మచ్చను కాదు, నీటిలో కనిపించకుండా ఈదే థెరాంట్‌ను. మందు పేరుతోపాటు నీటి ఉష్ణోగ్రతను, చికిత్స కొనసాగించవలసిన రోజులను కూడా రాసి ఇచ్చినప్పుడే విస్తరణ సలహా సంపూర్ణమవుతుంది.