పడవకు పెట్రోలా, డీజిలా?

ప్రశ్న: మేముండేది అమెరికాలోని మేరీలాండ్‌లో. వారాంతాల్లో పిల్లలతో చెసాపీక్ బేలో తిరగడానికి 36 అడుగుల పాత మోటార్ యాట్ కొనాలనుకుంటున్నాం. రెండు పెట్రోల్ ఇంజిన్లున్నది చవకగా వస్తోంది. డీజిల్‌ది బాగా ఖరీదు. ఏది మంచిది?

జవాబు: ముందు ఏడాదికి ఎన్ని గంటలు నడుపుతారో లెక్క వేసుకోండి. వంద గంటల లోపైతే, డీజిల్‌కు పెట్టే అదనపు సొమ్ము ఇంధనం ఆదాలో తిరిగి రావడం కష్టం. ఫ్లోరిడా దాకా వెళ్లే ఆలోచనుంటే మాత్రం డీజిలే మేలు. లీటరుకు ఎక్కువ శక్తినిస్తుంది, బరువైన పడవను తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది.

పిల్లలున్నారు కాబట్టి భద్రత గురించి గట్టిగా చెబుతున్నాను. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. చిన్న లీకున్నా పడవ అడుగున చేరి, ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే స్టార్ట్ చేసేముందు ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే బ్లోవర్‌ను కనీసం 4 నిమిషాలు తిప్పాలి. ఆ తర్వాత ఇంజిన్ గది తలుపు తీసి వాసన చూడాలి. ముఖ్యంగా పెట్రోల్ పోయించుకున్న వెంటనే ఇది మరవకూడదు. డీజిల్‌తో ఈ ముప్పు చాలా తక్కువ. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఏ పడవలోనైనా ఉండాల్సిందే.

పెట్రోల్‌ది తీసుకుంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, రైజర్లు ఎప్పుడు మార్చారో అడగండి. ఉప్పునీటికి అవి లోపల తుప్పుపట్టి, నీళ్లు సిలిండర్లలోకి దిగుతాయి. డీజిల్‌దైతే ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయించండి, ట్యాంకు అడుగున నీరు చేరిందేమో చూడండి.

మీరు చెప్పిన వాడకానికి, పడవలను తనిఖీ చేసే సర్వేయర్ చూసి బాగుందన్న పెట్రోల్ పడవ చాలు. మిగిలిన డబ్బు మరమ్మతులకు దాచుకోండి.