నీడ పెరట్లో కూరగాయలు

హైదరాబాదు పాతబస్తీ పెరళ్ళలో గోడల నీడ ఎక్కువ. దక్షిణపు గోడ 10 అడుగులున్నచో డిసెంబరు మిట్టమధ్యాహ్నము కూడ సుమారు 9 అడుగుల నీడ పడును. మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చుటచే ఆ వేళ నీడ దాదాపు ఉండదు. కావున విత్తు కాలముననే ఎండ ఎన్ని గంటలు తగులునో చూచుకొనుడు.

6 గంటలకు మించి ఎండ తగులు చోట టమాట, వంగ, మిరప వేయుడు. 3, 4 గంటలే తగులు చోట ఇవి సన్నగా సాగి, కాపు తగ్గి, మీ శ్రమ వృథా యగును. అచట పాలకూర, మెంతి, కొత్తిమీర, పుదీన వేయుడు. ధనియాలను రెండు బద్దలుగా నలిపి విత్తుడు. మే ఎండకు కొత్తిమీరపై తడిక పందిరి కట్టుడు.

నీడలో తడి త్వరగా ఆరదు. మట్టిని వ్రేలితో చూచి, ఆరినప్పుడే నీరు పెట్టుడు. లేనిచో వేర్లు కుళ్ళును. ఆకుకూరలకు మురుగునీరు ఎన్నడును వాడరాదు. గ్రామములందలి పెరళ్ళకును ఇదియే పద్ధతి.