తట్టు టీకా, ఆటిజం: విన్న మాటను విచారించుకుందాం

ఎవరైనా ఒక వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోనిదే దాని మీద అడుగు వేయకూడదని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయత్ మనకు నేర్పుతోంది. ఈ ఆజ్ఞను మనం సాధారణంగా చాడీలకూ తగాదాలకూ మాత్రమే అన్వయించుకుంటాం. పసిపిల్లల ఆరోగ్యం విషయంలో అది ఎంత అవసరమో అమెరికాలోని మన సొమాలీ సోదరుల అనుభవం చూస్తే తెలుస్తుంది.

సొమాలియా అంతర్యుద్ధం నుండి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన ముస్లిం కుటుంబాలు మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. టీకాలంటే వారికి భయం ఉండేది కాదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే ఎం.ఎం.ఆర్. టీకా 2004లో అక్కడి రెండేళ్ల సొమాలీ పిల్లల్లో నూటికి 92 మందికి పడింది. 2008 ప్రాంతంలో, తమ పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనిపిస్తోందని తల్లిదండ్రులు ఆందోళన చెందారు. మాట రాదు, పిలిస్తే పలకడు, తన లోకంలో తానుంటాడు. ఎందుకిలా అని అడిగితే డాక్టర్ల దగ్గర సరైన జవాబు లేదు. జవాబు సిద్ధంగా పెట్టుకున్నవారు మాత్రం టీకా వ్యతిరేకులే. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ స్వయంగా 2010, 2011లలో వచ్చి ఆ కుటుంబాలను కలిశాడు.

ఎవరీయన? 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో కేవలం 12 మంది పిల్లల గురించి వ్యాసం రాసి, ఎం.ఎం.ఆర్. మీద అనుమానం లేవదీసిన బ్రిటిష్ డాక్టరు. టీకా కంపెనీల మీద దావా వేయదలచిన లాయర్ల నుండి ఆయన డబ్బు తీసుకున్నట్లు పాత్రికేయుడు బ్రయాన్ డీర్ బయటపెట్టాడు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. అదే ఏడాది బ్రిటన్ వైద్య మండలి ఆయన పేరును డాక్టర్ల జాబితా నుండి కొట్టివేసింది. వార్త తెచ్చినవాని సంగతి ఇదీ!

2014 నాటికి సొమాలీ పిల్లల్లో ఆ 92 కాస్తా 42కు పడిపోయింది. 2017లో తట్టు రానే వచ్చింది. రాష్ట్రంలో 75 మందికి సోకింది. వారిలో అత్యధికులు టీకా పడని సొమాలీ పిల్లలే. అప్పుడు ఇమాములు ముందుకు వచ్చి టీకా వేయించమని చెప్పవలసి వచ్చింది.

"టీకా వేయించాకే కదా మా బాబు మాటలు మానేశాడు" అనే తల్లిని మనం తేలికగా తీసిపారేయకూడదు. ఆమె చూసింది నిజమే. కానీ అక్కడ ఈ టీకా వేసేది ఏడాది దాటాక. ఆటిజం లక్షణాలు పైకి కనబడేదీ ఇంచుమించు ఆ వయసులోనే. రెండూ ఒకే కాలంలో వచ్చినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. అది తేలాలంటే టీకా వేయించుకోని పిల్లలతో పోల్చి చూడాలి. డెన్మార్క్‌లో అదే చేశారు. 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి 2019లో ఫలితం ప్రకటించారు: టీకా పడినవారిలో ఆటిజం ఎక్కువ లేదు. జపాన్ 1993లో ఎం.ఎం.ఆర్.ను ఆపివేసింది. అయినా యొకొహామా నగరంలో ఆటిజం కేసులు పెరుగుతూనే వచ్చాయి.

టీకాతో అసలు ఏ ఇబ్బందీ ఉండదా అంటే, ఉంటుంది. కొందరికి జ్వరం వస్తుంది, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. అరుదుగా జ్వరంతో పాటు ఫిట్స్ రావచ్చు. తీవ్రమైన ఎలర్జీ చాలా అరుదు. అందుకే వేసిన తర్వాత కాసేపు అక్కడే కూర్చోమంటారు. తట్టు అలా కాదు, అది ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకుతుంది.

మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, అంగన్‌వాడీల్లో తట్టు, రుబెల్లా కలిపిన ఎం.ఆర్. టీకా ఉచితం. మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండవది 16 నుండి 24 నెలల మధ్య. తప్పిపోతే అయిదేళ్లలోపు వేయించవచ్చు. ఇక బిడ్డకు మాట ఆలస్యమవుతుంటే, పిలిస్తే తిరిగి చూడకపోతే, ఎవరి దిష్టో అనుకుంటూ ఏళ్లు గడపకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. శిక్షణ ఎంత త్వరగా మొదలైతే ఆ బిడ్డకు అంత మేలు.